ఉబ్బిన ప్యాకెట్

మెట్‌పల్లిలో మా పచ్చళ్ల దుకాణానికి వాక్యూమ్ ప్యాకింగ్ మిషన్ తెచ్చిన ఏడాది నాకు నడుము వాల్చే తీరికే దొరకలేదు. పొద్దున మొదలుపెడితే సాయంత్రం దాకా నిలబడే పని. కవరు లోపల పెట్టి మూత వేస్తే మిషన్ గాలంతా లాగేసి అంచును అతికిస్తుంది. గాలి లేకపోతే ఏదీ చెడిపోదని నేను నమ్మాను. తమ ఇంటివి ప్యాక్ చేయించుకోవడానికి వచ్చినవాళ్లకూ అదే చెప్పాను.

మా వీధిలో బట్టలు కుట్టే ఒకామె ఉంది. నన్ను అక్కా అంటుంది. ఆమె తమ్ముడు శ్రీరాంపూర్‌లో బొగ్గు బావిలో పనిచేస్తూ ఒక్కడే గదిలో ఉంటాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆమె మటన్ కూర గిన్నెతో వచ్చింది.

"అక్కా, జర గిది ప్యాక్ చేసియ్యవా? మా తమ్మునికి పంపుత. వారం దాంక తింటడు."

కూర ఇంకా పొగలు కక్కుతోంది. చల్లారాక రమ్మనాల్సింది. కానీ నా కాళ్లు లాగేస్తున్నాయి, ఆ పని అక్కడితో అయిపోతే చాలనిపించింది. మూత వేసి గాలి లాగుతుండగానే కవరులో వేడి పులుసు బుడబుడ ఉడికి అంచు మీదికి పొంగింది. నూనె తుడిచి మళ్లీ అతికించాను. మూడు ప్యాకెట్లయ్యాయి.

"ఫ్రిజ్జుల పెట్టమని చెప్పాల్నా?"

"గాలే లేదు గద చెల్లె, ఏం కాదు."

శుక్రవారం ఆమె మళ్లీ వచ్చింది. చేతిలో మిగిలిన ప్యాకెట్ దిండులా ఉబ్బి ఉంది.

"అక్కా, గాలి తీసిన కవరు మళ్ల ఎట్ల ఉబ్బింది?"

గొంతులో కోపం లేదు. రెండు రోజులు ఆసుపత్రి బల్ల మీద కూర్చుని వచ్చిన అలసట ఉంది. మంగళవారం రెండో ప్యాకెట్ తిన్నాక తమ్ముడికి వాంతులు, విరేచనాలు మొదలయ్యాయట. సెలైన్ ఎక్కించారట.

"ఇప్పుడెట్లున్నడు?"

"లేసి కూసున్నడు. గంజి తాగుతుండు. ఫ్రిజ్జుల ఎందుకు పెట్టలేదని డాక్టర్ అడిగిండు. నువ్వన్న మాట నేను చెప్పలే."



తరువాత మా మిషన్ పెట్టిన ఆయన దాన్ని బాగుచేయడానికి కరీంనగర్ నుంచి వచ్చినప్పుడు జరిగిందంతా చెప్పాను.

"మిషన్ గాలి గుంజుతదమ్మా, క్రిములను సంపదు. గాలి లేని కాడనే పెరిగే క్రిములు గూడ ఉంటయి. కూర జల్ది చల్లార్చి ప్యాక్ చెయ్యాలె, ఎంటనే ఫ్రిజ్జుల పెట్టాలె, మూడు దినాలల్ల తినాలె. ఉబ్బితె రుచి గూడ చూడొద్దు. ఉబ్బకున్నా, వాసన రాకున్నా, బయట ఉన్నదాన్ని నమ్మొద్దు."

"మిషన్ పెట్టిన నాడు గీ మాట ఎందుకు చెప్పలే?"

"మీరు పచ్చళ్లకే అన్నరు గద."

అది నిజమే.

ఆమె తమ్ముడు పది రోజులకు డ్యూటీకి ఎక్కాడు. ఆమె ఇప్పటికీ అక్కా అనే పిలుస్తుంది, కూర మాత్రం ఎప్పుడూ తేలేదు.

వండినవి తెచ్చేవాళ్లకు మిషన్ ఆయన చెప్పిన మాటే రోజూ చెప్పి చెప్పి నోరు నొప్పి పుడుతుంది. మొన్న ఒకాయన చేపల పులుసు తెచ్చాడు, బస్సులో ఆదిలాబాద్ పంపాలట.

"ఐసు పెట్టెల పంపుతనంటెనే చేస్త," అన్నాను.

"గంత ఫికరెందుకమ్మా, గా సందుల ఇంకో ప్యాకింగ్ దుకాణమాయన ఏమడగకుంట చేసిస్తడు," అని గిన్నె తీసుకుని వెళ్లిపోయాడు.

వద్దని వెనక నుంచి రెండుసార్లు పిలిచాను. ఆయన ఆగలేదు.