కండల మాస్టారు పెట్టని సంతకం

సాంబశివరావు మెడలో వేలాడే కార్డు మీద ‘స్ట్రెంత్ అండ్ కండిషనింగ్ కోచ్’ అని ఉంటుంది. అంత పొడుగు పేరు పలికే ఓపిక నరసరావుపేటలో ఎవరికీ లేదు కాబట్టి ‘కండల మాస్టారు’ అని స్థిరపడిపోయింది. అంతకుముందు ఇరవయ్యేళ్లు ఆయన బండలాగుడు పందేలకు ఎడ్లను తయారుచేశాడు. ఆ పందేల్లో ఆయన పనితనం చూసి మెచ్చిన కాలేజీ కరస్పాండెంట్ ప్రభాకరరావు, అమ్మాయిల కబడ్డీ జట్టుకు బలం పెంచమని తెచ్చి ఉద్యోగంలో పెట్టాడు.

ఎడ్ల దగ్గర నేర్చిన విద్యే మాస్టారు ఇక్కడా చూపించబోయాడు. తెల్లారేసరికి గ్రౌండులో నిలబెట్టి, నానబెట్టిన ఉలవలు దోసిళ్లలో పోసి, "హోయ్! హోయ్!" అని అదిలించాడు. మూడోరోజు పన్నెండుమంది అమ్మాయిలూ ఒక్కసారే "అంబా" అన్నారు. అందరికంటే ముందు నవ్వింది ఆయనే. ఆ రోజు నుంచి అదిలింపు మాని, ఏ బరువు ఎందుకెత్తాలో చెప్పడం మొదలుపెట్టాడు. మొదలుపెట్టాక ఆయన్ని ఆపడం కష్టమైంది, అది వేరే సంగతి.

ఒక్కటి మాత్రం మానలేదు. రోజూ కసరత్తుకు ముందు పిల్లల్ని ఒట్టికాళ్లతో దుమ్ములో ముప్పై అడుగులు నడిపించి, వంగి అడుగుల గుర్తులు చూసేవాడు. నొప్పిని మొహంలో దాస్తారు గానీ నడకలో దాయలేరని ఆయన నమ్మకం.

మాచర్లలో కాలేజీల ఫైనల్ రోజున కెప్టెన్ భవిత నడిచింది. కుడి మడమ దుమ్మును తాకనే లేదు.

"మోకాలి నొప్పి ఎన్నాళ్ల నుంచమ్మా?"

"నొప్పేంది బాబాయ్, ఏం లేదు," అని నవ్వబోయి ఏడ్చేసింది. "ఇయ్యాల యూనివర్సిటీ సెలక్షనోళ్లు వస్తన్నారు. ఈ ఒక్క మ్యాచ్ ఆడనియ్ బాబాయ్."

రెండేళ్లుగా ఆ పిల్ల పడ్డ కష్టమంతా చూసినవాడు సాంబశివరావే.

ఫిట్‌నెస్ కాగితం మీద ఆయన సంతకం లేకుండా ఎవరినీ ఆడనివ్వరు. ప్రభాకరరావు పెన్ను తీసి అందించాడు.

"పెట్టవయ్యా. నీకు ఉద్యోగమిచ్చింది నేను."

ఆయన మాటకు ఎదురుచెప్పి ఎరగడు మాస్టారు. పెన్ను తీసుకుని, మూతపెట్టి, తిరిగి ఆయన చేతిలోనే పెట్టాడు.

"కుంటతన్న ఎద్దును కాడికి కడితే జనం మొహాన ఉమ్మేస్తారు సార్. ఈ పిల్ల మీద ఆపాటి జాలన్నా వద్దా?"

జట్టు నాలుగు పాయింట్ల తేడాతో ఓడిపోయింది. మాస్టారి ఉద్యోగం ఉందో ఊడిందో ఎవరూ చెప్పలేదు. తిరుగు బస్సులో భవిత దారంతా కిటికీవైపే తిరిగి కూర్చుంది. నరసరావుపేటలో దిగేటప్పుడు మాత్రం మెట్టు దగ్గర ఆగి, ఆయన మొహం చూడకుండానే భుజం మీద చెయ్యేసి, ఒంటి బరువంతా ఆయన మీదే మోపి దిగింది.