బెంచీకి పరుపు, పరుపుకు నా పేరు

ఉదయగిరి దగ్గర మా ఊరి చర్చిలో, ప్రభు బల్ల ఎదుట ఒక ఆదివారం జరిగిన ఘోరానికి సాతానును నిందించినవాళ్లున్నారు. పాపం, వాడికి ఏ సంబంధమూ లేదు. అంతా నేనే చేశాను. ప్రార్థన చేసి మరీ చేశాను.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. ఆదివారం బడిలో పాఠాలు చెప్పేదాన్ని. దానం రహస్యంగా చేయాలని నేను చెప్పినంత గట్టిగా జిల్లాలో ఎవరూ చెప్పి ఉండరు. ఆ ఏడు మా స్త్రీల సమాజానికి సెక్రటరీ కావలసి వచ్చింది. అది ఎవరో, ప్రభు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం తీసుకునే సంస్కారపు ఆదివారం నాడు పాస్టరమ్మగారు ప్రకటిస్తారట. ఆ సెక్రటరీని నేనే కావాలి. దేవుని మహిమ కోసమే, నమ్మండి!

సరిగ్గా అప్పుడే రాహేలవ్వ దొరికింది. చర్చిలో ఆడవాళ్లం చాపల మీద కూర్చుంటాం. మోకాళ్లు వంగని అవ్వకూ, పాస్టరమ్మగారికీ, సంఘపెద్ద భార్యకూ మాత్రం ముందు ఒక చెక్క బెంచీ.

"చెక్క కుచ్చుకుంటా ఉండాది పాపా," అంది అవ్వ.

"నేను పరుపు కుట్టి వేస్తా కదా అవ్వా!"

"వెయ్యి. కానీ ఊరంతా చాటబాక."

శనివారం ఆత్మకూరు వెళ్లి నల్ల రెక్సిన్, ఎర్ర పెయింటు కొన్నాను.

"రెక్సిన్ మీద ఇది తొందరగా ఆరదు మేడమ్. రెండు దినాలు ఎండలో పెట్టండి. అందాకా ముట్టుకోబాకండి," అన్నాడు షాపాయన.

"రేపటికే కావాలి."

"రేపటికా? అయితే నా చేతిలో లేదు, దేవుడి చేతిలో ఉండాది."

ఆయన విసుక్కుని అన్న మాటను నేను వాగ్దానంగా స్వీకరించాను.

ఇంట్లో పాత పరుపు చించి, దూది కూరి, రెక్సిన్ చుట్టి కుట్టాను. మధ్యలో దూది ఎక్కువై ఈనబోయే గేదెలా ఉబ్బింది. ఫరవాలేదు, జనం చూడాల్సింది దాన్ని కాదు. ఈ చివర నుంచి ఆ చివరకు జానెడేసి ఎర్ర అక్షరాలతో నా పేరు, ఇంటిపేరు, 'గారి కానుక' అని రాశాను. 'గారు' కూడా నేనే పెట్టుకున్నాను. ఇంకెవరు పెడతారు? మనుషులు కూర్చుంటే పేరు కనబడదన్న సంగతి డబ్బా ఖాళీ అయ్యాక తట్టింది.

పెయింటు ఆరాలని మోకరించి ప్రార్థించాను. ఫ్యాను కింద పెట్టలేదు. అది అవిశ్వాసం కదా! పొద్దున వేలితో తాకి చూడలేదు. అదీ అవిశ్వాసమే. అంచులు పట్టుకుని భక్తిగా మోసుకెళ్లి బెంచీ మీద పరిచాను.

సంస్కారపు ఆదివారం మా ఆడవాళ్లంతా తెల్ల చీరలే కడతారు. ముగ్గురూ వచ్చి కూర్చున్నారు.

"మెత్తగా ఉండాది పాపా. సల్లంగా కూడా ఉండాది," అని మురిసిపోయింది అవ్వ.

ఆ చల్లదనం ఎక్కడిదో నాకప్పుడైనా తట్టలేదు.

పాస్టరుగారు పిలవగానే ముగ్గురూ లేచి, మాకు వీపు చూపిస్తూ బల్ల వైపు నడిచారు. మూడు తెల్ల చీరల వెనకాల ఎర్రటి అక్షరాలు! నా వెనక చాపల మీద గుసగుసలు మొదలైనాయి.

"ఏందే అది? ఏం భాష?"

"మన బాప్టిస్టు చర్చిలోకి పెంతెకోస్తోళ్ల అన్యభాషలు ఎప్పుడొచ్చినాయే?"

అక్షరాలు అద్దంలోలా తిరగబడి అంటుకున్నాయి. చదవడం ఎవరి తరమూ కాలేదు. నా పేరు ఎవరికీ తెలియకూడదని జీవితంలో మొదటిసారి ప్రార్థించాను. ఈ ప్రార్థనకూ పెయింటు ప్రార్థనకు దక్కిన జవాబే దక్కింది. తిరిగొచ్చిన రాహేలవ్వ పరుపు వైపు వంగి, కళ్లజోడు సర్దుకుని నింపాదిగా చదివింది.

"అర్థం కావాలంటే ఇటు రాండే! బెంచీ మీద తెలుగులోనే రాసుండాది, గారుతో సహా!"

ఆరాధన అయ్యాక పాస్టరమ్మగారు నన్ను దగ్గరికి పిలిచారు.

"ఈ పొద్దు మేం ముగ్గురం నీ పేరు మోసినాం తల్లీ. ఏడాది పొడుగునా మోసే ఓపిక మాకు లేదు."

రాహేలవ్వ సెక్రటరీ అయింది. ఆమె చేసిన మొదటి తీర్మానం ప్రకారం మూడు చీరలనూ కిరసనాయిలుతో నేనే రుద్దాను.

అందుచేత పాఠకులందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను. ఇక నేను చేసే ఏ పనికీ, ఎంత గొప్పదైనా సరే, నా పేరు తగిలించను. నమ్మకం లేకపోతే ఈ జ్ఞాపకమంతా మళ్లీ వెతికి చూడండి, ఎక్కడా దొరకదు.