ఆయనకా, ఆయన మీదా?

ఇంగ్లీషు వచ్చిన కోడలని మా అత్తవారు నన్ను ఏరికోరి ఖరగ్‌పూర్ తెచ్చుకున్నారు. నాకు వచ్చిన ఇంగ్లీషు ఏపాటిదో శ్రీకాకుళంలో మా మాస్టారికి తెలుసు, నాకు తెలుసు. ఎస్సెల్సీలో ఆ ఒక్క పేపరూ అత్తెసరు మార్కులతో గట్టెక్కాను. రైల్వే క్వార్టర్ల వరసలో ఎన్ని మార్కులని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

మా మామగారు వర్క్‌షాపులో ఫిట్టరు. ముప్ఫై ఏళ్లు వ్యాగన్ల కింద దూరిన మనిషి. ఆయనే వరస పొడుగునా చాటింపు వేశారు. "మా కోడలమ్మ ఇంగిలీసు రాస్తాది. ఎవులికేటి రాయాలన్నా మా ఇంటికి రండి." ఇంకేముంది, సెలవు చీటీలు, పాసు దరఖాస్తులు, బదిలీ వద్దని మొరలు, అన్నీ నా ఒళ్లో వచ్చి పడ్డాయి. కుళాయి దగ్గర నా బిందెకి వరస లేదు. కలం పట్టే చెయ్యి కదా అని మా అత్త నాకు అంట్లు తోమే పని తప్పించింది. ఇంత సుఖం ఎవరు మాత్రం వదులుకుంటారు?

మాస్టారు చెప్పిన వ్యాకరణమే నా పెట్టుబడి. తెలుగులో 'నేను ఆయనకి ఇచ్చాను' అన్నా, 'ఆయనకి ఇచ్చాను నేను' అన్నా ఇచ్చినవాళ్లూ పుచ్చుకున్నవాళ్లూ మారరు. ఇంగ్లీషుకి అంత ఓర్పు లేదు. 'గివ్ మీ ద బుక్' అనాలి, కాదంటే 'గివ్ ద బుక్ టు మీ' అనాలి. 'గివ్ టు మీ ద బుక్' అన్నామా, మాస్టారి బెత్తం లేచేది. 'పిక్ అప్ ద బాల్' అంటే తప్పు లేదు. బంతికి బదులు 'ఇట్' వస్తే మాత్రం, థర్డ్ క్లాసు పెట్టెలో ఆలస్యంగా ఎక్కినవాడిలా అది ఇద్దరి మధ్యా ఇరుక్కోవాలి, 'పిక్ ఇట్ అప్' అని. ఎందుకండీ అంటే "దొరలు అలా అన్నారు కనక" అనేవారు. దొరలు వెళ్లి పదేళ్లు దాటినా వాళ్ల 'ఇట్' ఇంకా అక్కడే ఇరుక్కుని ఉంది. ఇక 'ఎట్' అంటే 'వైపు' అని ఒక్క ముక్కలో తేల్చేశారు. 'లుక్ ఎట్ మీ', నా వైపు చూడు. ఆ మాట నేను వేదవాక్కులా పట్టుకున్నాను.

మామగారికి పనిలో జోడీ ఒక బెంగాలీ ఆయన. ఇద్దరూ ఒకరినొకరు అన్నా అన్నట్టు దాదా అనే పిలుచుకునేవారు. వ్యాగనుకి చెరో పక్కా నిలబడి పని చేసేవారు. "దాదా, పానా దాఓ!" అని ఆయన అరిస్తే, "ఇదిగో పట్టు దాదా!" అని ఈయన ఇటు నుంచి పానా విసిరేవారు. ఇరవై ఏళ్లలో అది ఒక్కసారీ చెయ్యి జారలేదట. జారిన రోజున ఆ బెంగాలీ దాదాకి తుమ్ము వచ్చింది. పానా పోయి ఆయన మోకాలి చిప్పకి తగిలింది. సరిగ్గా అప్పుడే కొత్తగా వచ్చిన ఆఫీసరు అటుగా వచ్చాడు. మర్నాటికి మామగారి చేతిలో చార్జిషీటు. తోటి పనివాణ్ణి పానాతో కొట్టినందుకు ఉద్యోగంలోంచి ఎందుకు తీసెయ్యకూడదో మూడు రోజుల్లో ఇంగ్లీషులో రాసివ్వాలి.

మా అత్త ఏడుపు లంకించుకుంది. "ఏటే నీ భయం? ఇంట్లో కోడలు నేదా?" అని ఆవిణ్ణి కసిరి, మామగారు నా ముందు పీట వేసుకుని కూర్చున్నారు. "రాయమ్మా. ఆడు అడిగినాడు, నాను ఆడికి ఇసిరినాను. అంతే. అబద్ధం ఒక్క ముక్క వొద్దు."

ఎటు విసిరారు? దాదా వైపు. వైపు అంటే ఎట్. 'ఐ త్రూ ఇట్ ఎట్ హిమ్' అని రాశాను. 'ఇట్'ని సరిగ్గా నడుమన కూర్చోబెట్టినందుకు లోలోపల మురిసిపోయాను కూడా. మామగారు కింద కూడబలుక్కుంటూ సంతకం చేశారు.

విచారణకి ఇద్దరినీ పిలిచారు. ఆ ముచ్చటంతా సాయంత్రం టీ తాగుతూ మామగారే చెప్పారు. ఆఫీసరు నా కాగితం చదివి, దాదాని "డిడ్ హీ త్రో ఇట్ ఎట్ యూ?" అని అడిగాడట. దాదా ఇంగ్లీషు మా ఇంటి ఇంగ్లీషుకి తోబుట్టువే. స్నేహితుణ్ణి కాపాడాలని ఛాతీ విరిచి, "యస్ సర్! ఎట్ మీ సర్! డెయిలీ సర్! ట్వంటీ ఇయర్స్ సర్!" అన్నాడట. ఇరవై ఏళ్లుగా రోజూ పానా దెబ్బలు తిని బతికి ఉన్న మనిషిని ఆఫీసరు ఎగాదిగా చూసి, హిందీలోకి దిగాడు. "మారా, యా దియా?" కొట్టాడా, ఇచ్చాడా అని. "దియా సాబ్, దియా!" అని ఇద్దరూ ఒక్క గొంతుతో అరిచారట.

"సాబు నవ్వీసినాడమ్మా. ఇకమీదట సేతికియ్యి, పో అన్నాడు. నువ్వు రాసిన కాయితమే నా ఉద్యోగం నిలబెట్టినాది" అన్నారు మామగారు.

నాకు నవ్వు రాలేదు. పెట్టె అడుగున ఉన్న వ్యాకరణం పుస్తకం తీశాను. 'త్రో టు' అంటే అందుకోమని విసరడం, 'త్రో ఎట్' అంటే తగలాలని విసరడం. మాస్టారు చెప్పని పేజీ అది, లేదంటే నేను కునికిన పేజీ. చెప్పేద్దామనే బయటికి వచ్చాను. అరుగు మీద మామగారు ఇరుగుపొరుగుని పోగేసి నా కాగితం గొప్ప చెబుతున్నారు. నేను వెనక్కి వెళ్లి టీ గిన్నె కడుక్కున్నాను.

ఏడాది తిరిగాక ఫిట్టర్ల మీద మిస్త్రీ పోస్టు ఖాళీ అయింది. సర్వీసు వరసలో ముందున్నది మామగారు. పోస్టు దాదాకి వచ్చింది. ఆఫీసులో గుమాస్తా ఫైలు తెరిచి చూపించాడట. మనిషి మీద పానా విసిరానని నువ్వే రాసి సంతకం పెట్టావు, నిన్ను పదిమంది మీద మిస్త్రీని ఎలా చేస్తారయ్యా అన్నాడట.

మామగారు ఫిట్టరుగానే రిటైరయ్యారు. ఆ రోజు మెడలో దండతో ఇంటికి వస్తే వరసంతా పోగయింది. మిస్త్రీ ఎందుకు కాలేదు బాబూ అని ఎవరో అడిగారు.

"ఆ గుమాస్తాగాడికి ఇంగిలీసు రాదు. మా కోడలమ్మ రాసినాది ఆడికి అరదం కానేదు. అవునా అమ్మా?" అన్నారు మామగారు.

నాకు తల కొట్టేసినట్టయింది. అందరూ నా వైపే చూస్తున్నారు.

"అవును మావయ్యా, రాదు" అన్నాను.