నాలుగో గడి

ఈ ఉదయం పేపరు విప్పగానే సిరా వాసన గుప్పుమంది. ఆ వాసన తగిలితే నా చూపు వార్తల మీద నిలవదు, నేరుగా మూడో పేజీ అడుగుకు జారుతుంది. అక్కడ బొమ్మల కథ రావడం మానేసి ఏళ్లయినా ఈ పాడు అలవాటు నన్ను వదల్లేదు.

నరసరావుపేటలో మా పక్కింటి మస్తాన్ బాబాయి ఆ పేపరుకు ఏజెంటు. పేపరు కొత్తగా వచ్చిన రోజుల్లో, దాన్ని జనానికి అలవాటు చేయడానికి కరపత్రాలు పంపారు. మూడు బొమ్మల గడుల్లో పడవలో తప్పిపోయిన పిల్ల కథ, నాలుగో గడి ఖాళీ. కింద ‘రేపటి పేపర్లో చూడండి’ అని. బాబాయి వాటిని బస్టాండులో పంచి ఊరుకోలేదు. కళ్లకు పొరలు కమ్మిన మా నాయనమ్మ కోసం రోజూ పేపరు తెచ్చి మా అరుగు మీద కూర్చుని, అందులో వచ్చే కథలో మూడు గడులు చదివి, నాలుగోదాన్ని అరచేత్తో మూసేవాడు.

“ఏంది మస్తానూ, ఆపావు?”

“నాలుగోది నీ మనవరాలు చెబుద్ది పెద్దమ్మా. ఏమే, చెప్పు.”

నాకు తోచింది చెప్పేదాన్ని. తర్వాత చెయ్యి తీసి చదివేవాడు. నేను చెప్పింది తప్పయితే, “నీదే చానా బాగుంది, ఆ బొమ్మలాయన తొందరపడ్డాడు” అనేవాడు. నన్ను ఉబ్బేస్తున్నాడని తెలిసినా రోజంతా గాల్లో తేలేదాన్ని.

మొదట్లో అవి విదేశీ బొమ్మలు, ఆ పిల్ల గౌనులో ఉండేది, మాటలు మాత్రమే తెలుగు. తర్వాత మన చిత్రకారుడెవరో అందుకున్నాడు కాబోలు, పరికిణీ కట్టింది. ఆదివారాలు రంగులొచ్చాయి. ఆ తర్వాత ప్రకటనలు పెరిగి గడులు అగ్గిపెట్టెలంత అయ్యాయి, నాలుగు కాస్తా రెండయ్యాయి. బాబాయి ఆ రెండోదాన్నే నాలుగోది అనేవాడు.

ఒకరోజు, పడవ ఇంకా ఏటి మధ్యలో ఉండగానే కథ ఆగిపోయింది. ఆ చోట పత్తి విత్తనాల ప్రకటన వేశారు. అప్పటికి నాయనమ్మ మంచం పట్టింది.

“ఆ పిల్ల ఇల్లు చేరిందా మస్తానూ?”

 బాబాయి పేపరు నా చేతిలో పెట్టి, “ఇయ్యాల గడులన్నీ నువ్వే చదువమ్మా” అన్నాడు.

పత్తి విత్తనాల మీద కళ్లు పెట్టి చదివాను. పడవను ఒడ్డుకు చేర్చాను. ఒడ్డున వాళ్ల నాయనమ్మను నిలబెట్టాను.

“చేరిందిగా. ఇక చాల్లే” అని నాయనమ్మ కళ్లు మూసుకుంది. ఆ వారంలోనే పోయింది.

ఇప్పుడు గురజాల బడిలో పాఠం చెబుతూ మధ్యలో ఆపుతుంటాను. ఫోన్లో బొమ్మల కథలు చూసే పిల్లలు కూడా, “తర్వాతేంది టీచర్?” అని ముందుకు జరుగుతారు. నా అరచెయ్యి దానంతటదే పుస్తకం మీదికి పోతుంది. వాళ్లు చెప్పిందే బాగుందని నేనూ అంటాను.

ఈరోజు మూడో పేజీ అడుగున మళ్లీ ఒక గడి కనిపించింది. అందులో మస్తాన్ బాబాయి ఫొటో, పక్కన ‘సీనియర్ ఏజెంటు మృతి’ అనే శీర్షిక, దాని కింద రెండు వాక్యాలు. నాకు తెలియకుండానే దాన్ని అరచేత్తో మూశాను. తర్వాతేంటో చెప్పమనే మనిషి లేడు. చెయ్యి తీయాలనిపించలేదు.