నా చేతిరాతలో నాన్న పశ్చాత్తాపం

మా నాన్న ప్రెస్సులో కంపోజిటరు. బెజవాడ వన్ టౌన్‌లో ఒక ఇరుకు సందులో ఉండేది ఆ ప్రెస్సు. పైన రేకులు, కింద సీసపు అక్షరాల అరలు. పెళ్ళి శుభలేఖలు, బియ్యం కొట్ల బిల్లు పుస్తకాలు, దేవుడి కల్యాణాల కరపత్రాలు, ఏది వస్తే అది పేర్చేవాడు. ఎంత తోమినా గోళ్ళ సందుల్లో నలుపు పోయేది కాదు. ఆదివారం పొద్దున మాత్రం కుంకుడు రసంతో చేతులు రుద్దుకుని, ఉతికిన పంచె కట్టుకుని, అందరికంటే గంట ముందే గుడికి వెళ్ళేవాడు. మేం చర్చిని గుడి అనే అనేవాళ్ళం. తలుపులు తీయడం, బల్లలు తుడవడం, గంట కొట్టడం ఆయన పనులు. ఎవరూ అప్పగించలేదు. దివిసీమ వైపు పల్లె నుంచి బెజవాడ వచ్చిన కొత్తలో, ఆయన్ని 'గారు' అని పిలిచిన మొదటి చోటు ఆ గుడేనట. ఆ ఒక్క పిలుపు కోసం ఇరవై ఏళ్ళు గంట కొట్టాడు.

నేను విశ్వాసం ఎందుకు వదిలేశానని ఇప్పటికీ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. పుస్తకాలు చదివి పాడైపోయిందని కొందరనుకున్నారు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఉద్యోగం వచ్చాక కళ్ళు నెత్తికెక్కాయని మా స్త్రీల సమాజంలో చెప్పుకున్నారు. అవేమీ కాదు. దేవుడు ఉన్నాడా లేడా అని నేనెప్పుడూ తర్కించుకోలేదు. జరిగింది వేరు.

ఎమర్జెన్సీకి రెండేళ్ళ ముందు మా సంఘం చీలింది. పాత పాస్టరుగారికి బదిలీ అయితే ఆయన వెళ్ళనన్నారు. పైవాళ్ళు కొత్తాయన్ని పంపారు. కమిటీలో సగం ఇటు, సగం అటు. ఒక ఆదివారం ఆరాధన మధ్యలో ఇద్దరు పెద్దమనుషులు ఒకే మైకు కోసం పెనుగులాడటం నేను కళ్ళారా చూశాను. వ్యవహారం కోర్టుకెక్కింది. అక్కడ తేలేదాకా పొద్దున ఏడింటికి ఒకరు, తొమ్మిదిన్నరకి ఇంకొకరు గుడి వాడుకోవాలని ఒప్పందం. పైకి అది ఇద్దరు పాస్టర్ల తగాదా. లోపల కులం. ఏ పల్లెల్లో పుట్టారని మా తాతల్ని ఊళ్ళోవాళ్ళు దూరం పెట్టారో, ఆ పల్లెల పేరు మీదే మేం ఒకళ్ళనొకళ్ళం దూరం పెట్టుకున్నాం. రెండు తరాల బాప్తిస్మంతో పోలేదది.

నాన్న రెండు ఆరాధనలకీ గంట కొట్టాడు. ఏడింటి ఆరాధనలో వెనక బల్ల మీద కూర్చునేవాడు, తొమ్మిదిన్నర ఆరాధనలోనూ అక్కడే కూర్చునేవాడు. ఏ పక్షమో తేల్చుకోమని ఇరువైపులవాళ్ళూ అడిగారు. నవ్వి ఊరుకునేవాడు. అమ్మకి భయం వేసి ఆమె కూడా అడిగింది. గంట వినబడితే ఎవరొచ్చినా ప్రార్థనకే వస్తారు కదా, అందులో పక్షాలేమిటని ఆమెకే ఎదురు ప్రశ్న వేశాడు. మూడు నెలలు తిరక్కుండానే గంట తాడు ఉండే గదికి తాళం పడింది.

తాళం వేసింది మా సంఘపెద్ద. హైస్కూల్లో లెక్కల మేష్టారు, పాత పాస్టరుగారి వైపు ముఖ్యుడు. సండే స్కూల్లో నాకు పాఠాలు చెప్పింది ఆయనే. ఊరికే కథ చెప్పి వదిలేయకుండా, ఆ కథలో నువ్వుంటే ఏం చేసేదానివని అడిగేవారు. నాకు ఆయనంటే చాలా ఇష్టం, మావయ్యగారూ అని పిలిచేదాన్ని. నాన్న మాత్రం గంట లేకపోయినా గంట ముందే వెళ్ళి మెట్ల మీద కూర్చునేవాడు.

డెబ్బై ఆరు ఎండాకాలంలో ఆయనకి పచ్చకామెర్లు వచ్చాయి. ఆకు పసరు పోయించాం, ఆసుపత్రికీ తిప్పాం. ఆ ఆరు వారాల్లో ఏ పక్షం నుంచీ ఒక్క మనిషి వచ్చి ప్రార్థన చేయలేదు. తీరా వెళ్ళాక ఆయన అవతలివాళ్ళ మనిషని తేలుతుందేమో, వాళ్ళనే వెళ్ళనిద్దామని రెండు పక్షాలవాళ్ళూ అనుకున్నారట. ఒక బుధవారం పొద్దున ఎనిమిదింటికి, అమ్మ జావ పట్టబోతుంటే, వద్దన్నట్టు చెయ్యి అడ్డంపెట్టి పోయాడు.

నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. అన్నదమ్ములు లేరు. ప్రెస్సు ఫోర్‌మన్‌గారు విషయం తెలిసి పరిగెత్తుకొచ్చారు. రోజూ విభూతి పెట్టుకునే మనిషి, నాన్నతో పదిహేనేళ్ళు ఒకే గదిలో పనిచేశారు. ఐసు ఫ్యాక్టరీ నుంచి దిమ్మలు తెప్పించి, పొట్టు పోయించి, ఇక గుడివాళ్ళకి చెప్పి రమ్మని నన్ను పంపారు.

దగ్గరలో ఉన్నది కొత్త పాస్టరుగారు. ఆయన మర్యాదగానే కూర్చోబెట్టారు, మంచినీళ్ళిప్పించారు. సమాధుల దొడ్డి తాళం అవతలివాళ్ళ దగ్గరుందని, దాన్ని పగలగొడితే కోర్టు ధిక్కారమవుతుందని చెప్పారు. ఇంకో మాట కూడా చెప్పారు. తాను కొత్తగా రాయించిన సభ్యుల రిజిస్టర్లో మా నాన్న పేరు లేదట. రాయించుకోమని కబురు చేస్తే ఆయనే ఆలోచిస్తానన్నాడట. బాధగా ఉందమ్మా అన్నారు. బాధగానే ఉండి ఉంటుంది. కానీ కుర్చీలోంచి లేవలేదు.

అక్కణ్ణుంచి మావయ్యగారింటికి నడిచాను. ఆయన నన్ను చూడగానే లేచొచ్చి తలమీద చెయ్యిపెట్టారు. ఆ చెయ్యి పడగానే అప్పటిదాకా రాని ఏడుపు వచ్చింది. నేను తేరుకునేదాకా ఆగి, లోపలినుంచి ఒక తెల్లకాగితం, కలం తెచ్చి బల్లమీద పెట్టారు.

"తాళం ఇవ్వడానికి నాకేం అభ్యంతరం లేదమ్మా. మీ కుటుంబం మావైపేనని చిన్న కాగితం రాసివ్వు. నీ దస్తూరి బాగుంటుంది."

ఆయన చెబుతుంటే రాశాను. మొదటి రెండు వాక్యాలు మామూలువే. మూడో వాక్యం దగ్గర కలం ఆగింది. మా తండ్రిగారు కొత్త పాస్టరుగారి ఆరాధనలకు వెళ్ళడం తెలియక చేసిన తప్పు అని, మరణానికి ముందు ఆ సంగతి గ్రహించి పశ్చాత్తాపపడి, అసలైన సంఘం చేతనే భూస్థాపన జరగాలని కోరుకున్నారని ఆయన చెబుతున్నారు.

"నాన్న అలా అనలేదు కదండీ మావయ్యగారూ."

"అనలేదని నాకూ తెలుసు. కానీ రేపు కోర్టులో చూపించడానికి మాకొక ఆధారం ఉండాలి." కిటికీలోంచి బయటికి చూశారు. "ఎండ ముదురుతోందమ్మా. నీ ఇష్టం."

ఆయన గొంతులో కోపం లేదు, బెదిరింపు లేదు. లెక్క ఎలా చేయాలో చెప్పినంత నెమ్మదిగా చెప్పారు. నేను రాశాను. గుండ్రటి అక్షరాలతో, ఒక్క కొట్టివేత లేకుండా రాశాను. అమ్మ సంతకం కూడా కావాలన్నారు.

ఇంటికి వచ్చేసరికి పదకొండు దాటింది. ఐసు కరిగి నీళ్ళు గుమ్మందాకా పారుతున్నాయి. వాకిట్లో నిలబడ్డ ఫోర్‌మన్‌గారు ఇంకా ఎవరూ రాలేదేమని అడిగారు. సంగతి చెబితే అమ్మ దగ్గరికి వెళ్ళారు.

"మీరేం అనుకోకపోతే ఒక మాట చెల్లెమ్మగారూ. మావాళ్ళకైతే ఈపాటికి కృష్ణ ఒడ్డున అన్నీ అయిపోయుండేవి. ఏ కాగితమూ అడగరక్కడ. మీరు ఊఁ అంటే నేను చూసుకుంటాను."

అమ్మ తల అడ్డంగా ఊపింది. నాన్న తన తండ్రి మాదిరే మట్టిలోకే వెళ్ళాలని ఆవిడ పట్టుదల. కాగితం చేతికిస్తే చదవలేదు. తాళం కోసమా అని మాత్రం అడిగి సంతకం పెట్టింది. బైబిలు మొత్తం మూడుసార్లు చదివిన మనిషి, ఆ అరపేజీ చదివే ఓపిక ఆ రోజు లేకపోయింది. చదవమని నేనూ అనలేదు.

నాలుగింటికి భూస్థాపన జరిగింది. పాత పాస్టరుగారు వాక్యం చదివారు, పాట పాడారు. పెట్టె దించే ముందు జేబులోంచి నా కాగితం తీశారు. ఈ ఆత్మ ఎలా మేలుకుందో అందరూ వినాలన్నారు. అంతా చదివారు. పశ్చాత్తాపపడి అన్నచోట గొంతు పెంచారు. ఆమేన్ అన్నవాళ్ళు కూడా ఉన్నారు. మావయ్యగారు తల వంచుకుని నిలబడ్డారు. పెట్టె పక్కన ఫోర్‌మన్‌గారు చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని ఉన్నారు. అక్కడ నాన్న కోసమే వచ్చిన మనిషి ఆయనొక్కడేనేమో.

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కున్నాక అమ్మ అడిగింది.

"ఆ మాట నాన్న ఎప్పుడన్నాడే నీతో?"

"అనలేదు. నేనే రాశాను."

అమ్మ నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తలుపు దగ్గర కూర్చుని, చెంగుతో మొహం తుడుచుకుని, పోనీలే, మట్టి దక్కింది కదా అంది. ఆ తరవాత పాతికేళ్ళు బతికింది. ఆ ఊసు మళ్ళీ ఎత్తలేదు.

మర్నాడు మమ్మల్ని ఓదార్చడానికి పెట్టిన ఆదరణ కూటానికి పాత పక్షంవాళ్ళు ఇల్లంతా నిండిపోయారు. ఆరు వారాల జబ్బులో కనబడని మొహాలు. ఆ వారంలోనే కొత్త పక్షం ఆడవాళ్ళు నలుగురు వచ్చి, చచ్చిపోయిన మనిషి చేత ఇంతమాట అనిపిస్తారా అని అమ్మని నిలదీశారు. వాళ్ళ కోపం నాన్న కోసం కాదని, కేసు దెబ్బతింటుందనేనని మాటల్లోనే తెలిసింది. వాళ్ళ ఆరాధనలో మా ఇంటిని దారితప్పినవాళ్ళలో కలిపి ప్రార్థించారట.

నేనేమీ ఒక్కరోజులో మానేయలేదు. ఎక్స్ఛేంజిలో ఆదివారం డ్యూటీ అంటే ఎవరికీ ఇష్టం ఉండదు, నాకు వేయమని సూపర్‌వైజరుగారిని అడిగి వేయించుకున్నాను. మొదట్లో నెలకి రెండు వారాలు, తరవాత నాలుగూ. అన్నం ముందు ప్రార్థన ఎప్పుడు ఆగిపోయిందో నాకే తెలియదు. ఒక మధ్యాహ్నం క్యాంటీన్లో సగం తిన్నాక గుర్తొచ్చింది, ప్రార్థన చేయలేదని. తప్పు చేసినట్టు అనిపిస్తుందేమోనని కాసేపు చూశాను. ఏమీ అనిపించలేదు. మజ్జిగ పోసుకున్నాను. నిజం చెప్పాలంటే ఆదివారాలు హాయిగానే ఉండేవి. నొప్పితో మొదలుపెట్టినా, తరవాత సగం అలవాటు, సగం సుఖం. ఒక్కరైనా వచ్చి ఎందుకు రావట్లేదని అడిగితే ఏం చెప్పేదాన్నో. సంవత్సరం దాకా ఎవరూ అడగలేదు.

డెబ్బై ఏడులో ఉప్పెన వచ్చింది. మర్నాడు నేను దూరపు ఊళ్ళకి లైన్లు కలిపే ట్రంకు బోర్డు ముందున్నాను. దివి వైపు లైన్లు ఒక్కటీ పలకడం లేదు. ఒకావిడ ఎక్కణ్ణుంచో పదేపదే చేస్తోంది, వాళ్ళమ్మ ఉన్న ఊరికి ఒక్కసారి కలపమని. లైను లేదమ్మా అంటే, అయితే మీరన్నా ప్రార్థన చేయండి అక్కా అని పెట్టేసింది. హెడ్‌ఫోను పక్కనపెట్టి నిజంగానే కళ్ళు మూసుకున్నాను. మా నాన్న పుట్టిన పల్లె కూడా అటే ఉంది. ప్రార్థన కోసం మాటలు వెతుక్కుంటే నా నోటికి వచ్చినవి ఆ కాగితంలోని మాటలు. తెలియక చేసిన తప్పు. పశ్చాత్తాపపడి. అసలైన సంఘం. దేవుడికి చెప్పడానికి నా దగ్గర మిగిలిన భాష అది. కళ్ళు తెరిచి మళ్ళీ ప్లగ్గులు గుచ్చడం మొదలుపెట్టాను. నేను వెళ్ళిపోయానని నాకు తెలిసింది ఆ రోజునే. ఆ వారమే మా సంఘం నుంచి రెండు లారీలు బట్టలు, బియ్యంతో దివికి వెళ్ళాయి. రెండు పక్షాలు, రెండు బ్యానర్లు.

దశాబ్దం ముగిసేలోపు కోర్టు బయట రాజీ కుదిరింది. ఇద్దరు పాస్టర్లకీ వేరే ఊళ్ళకి బదిలీ. ఉమ్మడి ఆరాధన రోజు అమ్మ బతిమాలితే వెళ్ళాను. మావయ్యగారు గేటు దగ్గరే ఎదురై, చాన్నాళ్ళకి కనబడ్డావు, నీ కోసం ప్రార్థన చేస్తున్నామన్నారు. అప్పటికి రిటైరయ్యారు. నేను ఒక్కటే అడిగాను.

"మావయ్యగారూ, గొడవ అయిపోయింది కదా. ఆ కాగితం నాకిచ్చేయండి."

ఆయన తడబడ్డారు.

"అది కోర్టు ఫైల్లో దాఖలు చేశామమ్మా. ఇక బయటికి రాదు."

ఆ ఫైలు ఏ బీరువాలో ఉందో, చెదలు తిన్నాయో నాకు తెలియదు. ఉన్నంతకాలం మా నాన్న అందులో, ఎన్నడూ చేయని తప్పుకి, నా చేతిరాతలో పశ్చాత్తాపపడుతూనే ఉంటాడు. మావయ్యగారు ఇంకేదో చెప్పబోయారు. నేను లోపలికి వెళ్ళకుండా వెనక్కి తిరిగాను.

అమ్మకి మోకాళ్ళ నొప్పులొచ్చాక ఆదివారాలు రిక్షాలో నేనే దించేదాన్ని. డ్యూటీ లేని వారాల్లో ఆరాధన అయ్యేదాకా కాలువ గట్టున టీ బడ్డీ దగ్గర కూర్చునేదాన్ని. ఒకసారి రిక్షాలో ఆవిడ, నేను వాళ్ళ కోసం వెళ్ళడం లేదే, అంది. తెలుసమ్మా అన్నాను. నువ్వు కూడా వాళ్ళ కోసం మానెయ్యకు, అంది. అది మాత్రం నా చేతిలో లేదని చెప్పలేకపోయాను. ఆరాధన అయ్యాక ఆవిడ నా భుజం పట్టుకుని రిక్షా ఎక్కేది. ప్రసంగం ఏమిటని నేనడిగేదాన్ని కాదు. ఆవిడా చెప్పేది కాదు. బజారుకి వెళ్ళి కూరలు కొనుక్కుని ఇంటికి వెళ్ళేవాళ్ళం.