పక్ కనిపించని ఆట

మా ఎదురింటి అంకుల్ పోయిన మంగళవారం ఆసుపత్రిలో కన్నుమూశారు. మా పియారా వాటర్స్ పేటలో మన తెలుగువాళ్ళలో చాలామందికి ఆయన తెలుసు. ఆయన గురించి నేను రాయడమేమిటని అనుకోవచ్చు. నేను చదివింది ఎనిమిదో తరగతి వరకే. తప్పులుంటే మన్నించండి. కోడి గెలికినట్టున్న ఈ రాతను టైపు చేసేవారు కూడా విసుక్కోకండి.

పెళ్ళయి ఇక్కడికి వచ్చిన కొత్తలో నేను ఎవరితోనూ మాట్లాడేదాన్ని కాదు. ఇంగ్లీషు రాదన్న భయంతో తెలుగు కూడా మానేశాను. అంకుల్‌కి అప్పటికే షుగర్ వల్ల చూపు పోయింది. వెలుగూ చీకటీ మాత్రమే తెలిసేవి. ఆంటీ పొద్దున్నే మందుల షాపులో పనికి వెళ్తూ, "కాసేపు అంకుల్ దగ్గర కూర్చోమ్మా" అని అడిగారు. కాఫీ ఇచ్చి ఒక మూల కూర్చునేదాన్ని.

"ఉన్నావా అమ్మాయ్, వెళ్ళిపోయావా?"

"ఉన్నానంకుల్."

మొదటి నెలంతా మా మాటలు ఇంతే.

జనవరిలో ఒక ఉదయం వెళ్ళేసరికి ఆయన గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, బూట్లతో సోఫాలో కూర్చుని ఉన్నారు. ఎక్కడికి వెళ్తున్నారని అడిగాను.

"మ్యాచ్‌కి. మ్యాచ్‌కి ఎవరైనా చెప్పులతో వెళ్తారా? టీవీ పెట్టు."

అది ఐస్ హాకీ. మామూలుగా హాల్లో ఆడతారట. ఎప్పుడో ఒకసారి మాత్రం పెద్ద స్టేడియం మధ్యలో మంచు గచ్చు పరిచి, ఆకాశం కింద ఆడతారు. అంకుల్ కెనడాలో ఇంజనీరుగా ఉన్నప్పుడు అలాంటి ఆట ఒక్కసారి చూశారు. మళ్ళీ ఒక్కసారి చూడాలని ఆయన కోరిక.

"టీవీవాడి ఇంగ్లీష్ నాకు వినపడుతుంది. చూసేది నువ్వు చూసి చెప్పు."

ఆట మొదలైంది. పక్ అనే నల్ల బిళ్ళ ఎక్కడుందో ఎంత వెతికినా కనిపించదు. ఊరుకుంటే బాగుండదని, "ఎడమవైపు పోతోందంకుల్" అన్నాను.

"టీవీవాడు గోల్ అని అరుస్తున్నాడు. నీ పక్ ఇంకా ఎడమవైపే ఉందా?"

సిగ్గుతో తల దించుకున్నాను. "నాకు పక్ కనిపించట్లేదంకుల్."

ఆయన పగలబడి నవ్వారు. "నాకు మాత్రం కనిపించిందా? అప్పుడు కళ్ళు ఫస్ట్ క్లాస్. అయినా మూడు గంటల్లో ఒక్కసారీ చూళ్ళేదు. మా సీట్లు అంత దూరం."

"మరెందుకు వెళ్ళారు?"

"అదే తల్లీ, నేనూ మా ఆఫీసువాళ్ళని అడిగా. అక్కడ పిల్లలంతా గడ్డకట్టిన చెరువుల మీదే ఆట నేర్చుకుంటారట. పెద్దయ్యాక హాల్లోకి పోతారు. ఇలాంటి ఆట రోజు మళ్ళీ బయటికొస్తారు. పక్ వదిలేయ్. ఇంకేం కనిపిస్తోంది?"

చెప్పాను. ఆటగాళ్ళ నోళ్ళలోంచి పొగ వస్తోంది. ఆట ఆగినప్పుడల్లా మనుషులు పారలతో మంచు తోస్తున్నారు. ఒకావిడ చేతి తొడుగులతోనే చిప్స్ తింటోంది. వేలమంది ఒకేసారి ఆకాశం వైపు చూశారు, ఎందుకో తెలియదు.

"మంచు పడడం ఎక్కువయిందా?"

"అయింది."

"అందుకే."

చివరి భాగంలో నేను కంగారుగా అరిచాను. "అంకుల్, ఎర్ర చొక్కాలవాళ్ళు వాళ్ళ గోల్లోనే కొట్టేసుకుంటున్నారు!"

"కాదు పిచ్చిదానా, ఆట మధ్యలో ఆపి వైపులు మార్చుకున్నారు. గాలి ఒక్కళ్ళకే సాయం చేయకూడదుగా. హాల్లో ఈ గొడవ లేదు. ఇక్కడ ఆకాశం కూడా ఆడుతుంది."

జనవరి అంటే ఇక్కడ నడి వేసవి, బయట నలభై డిగ్రీల ఎండ కాస్తోంది. నా గొంతు బొంగురుపోయింది. పెళ్ళయ్యాక నేను అంతసేపు మాట్లాడింది ఆ రోజే. ఆ తర్వాత మా వీధిలో ఏ చెట్టు పూసిందో, ఎవరింటి ముందు కొత్త కారు ఉందో రోజూ ఆయనకు చెప్పేదాన్ని. "పక్ సంగతి వదిలేయ్" అని ఆయన గుర్తు చేసేవారు. అందరూ చూసేది చూడలేకపోయానని దిగులు పడకుండా ఉండడం నాకు ఆ మాటతోనే అలవాటయింది.

ఈ ఏడాది అలాంటి ఆట వచ్చేనాటికి ఆయన ఆసుపత్రిలో ఉన్నారు. ఫోన్‌లో పెట్టుకుని మంచం పక్కన కూర్చున్నాను. వార్డులో ఇంకో ముగ్గురు ఉన్నారు. తెలుగులో పైకి చెబితే ఏమనుకుంటారోనని మొదట గుసగుసగా మొదలుపెట్టాను.

"వినపడట్లేదు అమ్మాయ్."

గొంతు పెంచాను. పక్క మంచం మీది తెల్లాయన తల తిప్పి, ఎవరు గెలుస్తున్నారని అడిగాడు. "రెడ్" అని జవాబిచ్చి, మళ్ళీ అంకుల్ వైపు తిరిగాను.

ఆట అయిపోయింది. ఫోన్‌లో ఏదో సబ్బు ప్రకటన మొదలైంది. అంకుల్ కళ్ళు మూసుకునే అడిగారు.

"జనం వెళ్ళిపోయారా?"

"వెళ్తున్నారంకుల్."

"మంచు?"

"పడుతూనే ఉంది. తోసేవాళ్ళు లేరు. గీతలన్నీ కప్పబడిపోయాయి. గోల్ వల మీద కూడా తెల్లగా పేరుకుంది."

కిటికీ అద్దం ఎండకి మెరిసిపోతోంది. ఆయన దుప్పటి అంచు వెతికి పట్టుకుని, మెల్లగా గడ్డం దాకా లాక్కున్నారు.