అంగుళం గుడ్డ

నా చిన్నప్పుడు మేము సూరత్‌లో, ఖటోదరాలో ఒక మరమగ్గాల కార్ఖానా పైగదిలో ఉండేవాళ్ళం. కింద మా బాపు నేసేవాడు. పైన మేము ఆ చప్పుడులోనే తినేవాళ్ళం, పడుకునేవాళ్ళం. కరోనా వచ్చి అన్నీ మూసేసిన రోజు మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. నిద్రలో ఉన్నదాన్ని ఉలిక్కిపడి లేచి కూర్చున్నాను. చప్పుడు లేకపోవడానికి జడుసుకోవడం నా పదేళ్ళ బతుకులో అదే మొదటిసారి.

అమ్మ అప్పుడు మా దగ్గర లేదు. రెండో కాన్పుకని జగిత్యాల పక్కన తల్లిగారింటికి వెళ్ళింది. నా పరీక్షలు అయిపోగానే మేమూ వెళ్దామనుకున్నాం, ఇంతలో రైళ్ళు ఆగిపోయాయి. చెల్లి పుట్టిందన్న మాట ఫోన్‌లోనే విన్నాం. అమ్మ ఎప్పుడొస్తుందని అడిగితే బాపు గోడవైపు తిరిగి పడుకునేవాడు.

ఆ రోజుల్లోనే ఫోన్ క్లాసులో మా టీచర్ వేగం గురించి చెప్పింది. మనుషులు ఎక్కిన అంతరిక్ష ఓడల్లో అన్నిటికంటే వేగంగా పోయింది సెకనుకు పదకొండు కిలోమీటర్లట. నేను నోరు తెరిచాను. లెక్క వేస్తే నిమిషన్నరలోపే అమ్మ దగ్గర ఉంటాను! అదే నత్తనడక అంది టీచర్, ఎందుకంటే కాంతి సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు పోతుంది. మనిషి దాన్ని అందుకోలేడు గానీ, ఎప్పటికైనా దాని దరిదాపుల వేగంతో పోగలిగితే అతని కాలం నెమ్మదిస్తుందట. అతనికి కొన్ని రోజులు గడిస్తే, భూమ్మీద ఏళ్ళు గడిచిపోతాయట. అలాంటి ఓడ ఎక్కి కళ్ళు మూసుకుంటే చాలు, దిగేసరికి ఈ బందీ బతుకు అయిపోయి ఉంటుంది, అమ్మ వచ్చి ఉంటుంది.

ఈ సంగతి కార్ఖానా మిస్త్రీ తాతకు చెప్పాను. ఆయనా మా దిక్కువాడే. మగ్గాలు బాగుచేసేవాడు, తాళంచెవి ఆయన దగ్గరే ఉండేది. ఆయన నవ్వలేదు. నన్ను కిందికి తీసుకుపోయి, సగం గుడ్డతో ఆగిపోయిన ఒక మగ్గం ముందు నిలబెట్టాడు. కార్ఖానాకు కరెంటు ఆపేశారు గనుక చక్రం చేత్తో తిప్పి, పడుగు దారాలు రెండుగా తెరుచుకోగానే, దారపు కండె ఉన్న నాడెను నా చేత వాటి మధ్య అటు నుంచి ఇటు తోయించాడు. అడ్డంగా ఒక పేక పోగు పడింది.

"దినానికి ఒక్కటే పోగు బిడ్డా. అరవై అయితే అంగులం గుడ్డ. గా అంగులం నిండేసరికి మీ అమ్మ వస్తది."

పదకొండు రోజులు బుద్ధిగా వేశాను. పన్నెండో రోజు మధ్యాహ్నం తాత కునుకు తీస్తుంటే తాళంచెవి తీసుకుని ఒక్కదాన్నే కిందికి దిగాను. రెండు చేతులా చక్రం తిప్పుతూ, నాడె తోస్తూ, చేతులు బొబ్బలెక్కేదాకా పోగులు వేశాను. అరవై నిండగానే పరుగున వరండాలోకి వెళ్ళి వీధి చివరిదాకా చూశాను. మలుపు దగ్గర లాఠీ పట్టుకుని కూర్చున్న పోలీసు తప్ప ఎవరూ లేరు. అంగుళం నిండితే వస్తుందని అంత గట్టిగా నమ్మానేమో, నాకు ఏడుపు కూడా రాలేదు.

తాత వచ్చి గుడ్డ చూశాడు, తిట్టలేదు. నా పక్కన చతికిలబడ్డాడు.

"నువ్వు ముందుగాల ఉరికినవ్. మీ అమ్మ ఆడనే ఉన్నది గదా? నీ రాకెట్ గూడ గిట్లనే ఉన్నది. నీకు నాలుగు దినాలైతే ఆమెకు ఎన్నేండ్లయితయి?"

"చానా ఏండ్లు," అన్నాను.

"మరి గన్నేండ్లు ఆమె నీ తొవ్వ చూసుకుంట కూసోవాలె. నువ్వు దిగేసరికి ముసల్దయితది."

టీచర్ చెప్పిన మాటే అది, నేను విన్నదీ అదే. కానీ ఆ ఏళ్ళు ఎవరివో నాకు అప్పటిదాకా తట్టనే లేదు. అప్పుడు ఏడ్చాను, వెక్కి వెక్కి.

తాత సూదితో నా దొంగ పోగులన్నీ ఒక్కొక్కటే లాగేసి, ఆ రోజుది ఒక్కటి ఉంచాడు. మళ్ళీ రోజుకొకటి మొదలైంది. అరవై దాటినా అమ్మ రాలేదు. అంగుళం సంగతి అడిగితే, అమ్మ ఎప్పుడొస్తుందో తనకు మాత్రం ఏం తెలుసు అంటూ తల దించుకున్నాడు. డెబ్భై నాలుగో పోగు నాడు అమ్మ మామయ్యతో కలిసి జీపులో వచ్చింది. ఎముకల గూడులా ఉంది. చంకలో చెల్లి అమ్మను చూసి బోసినోరు తెరిచి నవ్వుతోంది. నేను చేతులు చాస్తే గుక్కపట్టి ఏడ్చింది. నా సొంత చెల్లికి నేనెవరో తెలియదు! మేమెవరం చూడకుండానే అది నవ్వడం నేర్చేసుకుంది.

మర్నాడు కార్ఖానాకు కరెంటు వచ్చింది. తాత ఆ ముక్క కోసి నాకిచ్చి, మగ్గం వేశాడు. నేను డెబ్భై నాలుగు రోజులు నేసినంత గుడ్డ అరనిమిషంలో నా కళ్ళముందే చుట్టుకుపోయింది.

ఓడలు ఇప్పుడు ఇంకా వేగంగా పోతున్నాయని, కాంతి మాత్రం ఇంకా అందనంత దూరంలోనే ఉందని మా మనవరాలు చెబుతుంటుంది. నేను ఆ గుడ్డముక్క తీసి చూసుకుంటాను. పన్నెండో పోగు దగ్గర, లాగేసిన చోట, ఒక గీత పడి ఉంది. కష్టం వచ్చి, ఈ రోజు తొందరగా గడిచిపోతే బాగుండునని అనిపించినప్పుడల్లా దాని మీద వేలు పెడతాను. మా చెల్లి మొదటిసారి నవ్విన రోజు ఆ పోగుల్లోనే ఉంది, అది ఏ పోగో నాకిప్పటికీ తెలియదు.